నారునకు తగిన దీపము

ఫిబ్రవరి మాసము సగము గడచుసరికి న్యూజెర్సీలోను, మిచిగన్‌లోను, ఇల్లినాయిలోను కాపురముండు మన తెలుగు ఇల్లాండ్రకు ఒక ఆరాటము మొదలగును. వెలుపల నేల మంచుతో కప్పబడి, చెట్లు మోడులై నిలిచియుండును. లోపల వంటింటి అలమరలో చిన్నడబ్బాలలో వంగవిత్తనములును, మిరపవిత్తనములును ఎదురుచూచుచుండును. మార్చి ప్రవేశించుసరికి వానిని మొలిపింపకున్నచో ఆ సంవత్సరమునకు పెరటి వంకాయమీద ఆశ వదలుకొనవలసినదే.

కారణము లెక్కలోనే యున్నది. ఆ ప్రాంతములలో ఏప్రిలు నెలాఖరువరకు, మరికొంత ఉత్తరమునకు పోయినచో మే నడుమవరకు, రాత్రివేళ నీరు గడ్డకట్టు చలి వచ్చి లేతమొక్కలను మాడ్చివేయు భయము తీరదు. అక్టోబరు వచ్చుసరికి ఆ భయము మరల మొదలగును. ఈ నడిమికాలమే వేసవి. వంగయు, మిరపయు వేడిదేశపు మొక్కలు; చలిగాలి సోకినచో ముడుచుకొని ఎదుగుదల మానును. వంగనారు నాటుటకు యోగ్యమగుటకు సుమారు 8 వారములు పట్టును. నాటినపిమ్మట తొలికాయ కోయుటకు మరి రెండునెలలకు పైబడియే పట్టును. మొదటి 8 వారములును ఇంటిలోపల గడచిననేగాని కాపునకు వ్యవధి చాలదు. మార్చిలో పోసిన నారు చెడినచో మరల పోయవచ్చునుగాని, ఆ రెండవనారు పూతకు వచ్చి కాయపట్టుసరికి చలి తరుముకొని వచ్చును. పోవునది పిడికెడు విత్తనములు కాదు, ఒక యేటి కాపు. అందుచేతనే ఇంటిలో నారుపెంచు దీపమునుగూర్చి కొంత వివరముగా వ్రాయదలచితిమి.

మన దేశమందున్న సోదరీమణులకు ఈ మాట వింతగా తోపవచ్చును. మనకు ఎండ కొదువ లేదు. నారుమడిపై ఎండ తగ్గించుటకు తాటాకు పందిరియో, ఆకుపచ్చని నీడవలయో కట్టువారమేగాని, ఎండ చాలదని దీపము వెలిగించువారము కాము. హైదరాబాదులో సంవత్సరమున కెల్ల కురుచయైన పగలు సుమారు 11 గంటలుండగా, న్యూజెర్సీలో అది 9 గంటలకు కొంచె మెక్కువ. లండనులో 8 గంటలు కూడ నిండదు. ఐనను పెద్దపట్టణములలో ఎత్తైన మేడల నడుమ, సూర్యరశ్మి తొంగిచూడని వాటాలలో కాపురముండువారికిని ఇందలి విషయము పనికివచ్చును.

కిటికీ యుండగా దీపమేల యని కొందరడుగుదురు. దక్షిణమునకు తెరచిన పెద్దకిటికీ యున్నవారికి కొంతవరకు గడచును. తక్కినవారికి గడవదు. మన కన్ను మనలను మోసపుచ్చుటయే ఇందులకు మూలము. వెలుతురు తగ్గినకొలది కంటిపాప విప్పారి, ఉన్నదానినే ఎక్కువగా చూపును. నడియెండలో వెలుతురు కొలత ఒక లక్ష లక్సులవరకు ఉండును. రాత్రి దీపములన్నియు వెలిగించిన కూర్చుండుగదిలో అది సాధారణముగా 200 మొదలు 500 వరకే యుండును. మనకా గది దేదీప్యమానముగా తోచును. మొలకకు మాత్రము అది చీకటియే. నారు గట్టిపడి పెరుగవలెనన్నచో దానిపై 8 వేలకు తగ్గకుండ, 15 వేల లక్సులవరకు దినమునకు చాలగంటలు పడుచుండవలెను. చేతిఫోనులో వెలుతురు కొలుచు సాధనమును ఉచితముగానే పొందవచ్చును. దాని లెక్క ఉజ్జాయింపేయైనను, కిటికీకడ ఎంత, దీపముక్రింద ఎంతయని పోల్చిచూచుటకు అది చాలును.

మన పెండ్లిండ్లలో అంకురార్పణమునకు పాలికలలో నవధాన్యములు చల్లి దేవునిగదిలో ఉంచుట అందరెరిగినదే. మూలగదిలోని పాలికలలో మొలకలు జానెడేసి సాగి, పసుపువన్నెకు పాలిపోయి, ఒకదానిపై నొకటి వాలియుండును. వాకిటి వెలుగున నుంచినవి కురుచగా, పచ్చగా, నిటారుగా నుండును. పాలికలు కొలదిదినములలో నీటిలో కలుపబడునవి గనుక అది లోపమనిపించదు. వంగనారు విషయములో అదియే ప్రాణాపాయము. వెలుతురు చాలని మొలక తనలోని బలమంతయు కాడను సాగదీయుటకే వెచ్చించును. పైకి పోయినచో వెలుగు దొరకునేమోయని దాని వెదకులాట. అట్లు దారమువలె సాగిన కాడ రెండాకుల బరువునుకూడ మోయలేదు. నీరు చిలుకరించిన మాత్రమున పడిపోవును. సాగినకాడను మరల కురుచచేయు ఉపాయము లేదు. టమాటానారు మాత్రము లోతుగా పాతినచో కాడనుండి వేళ్లు తొడిగి కోలుకొనును. వంగకు, మిరపకు ఆ చలువ అంతగా లేదు.

ఇక బజారునకు పోయినచో కలుగు తికమక చెప్పనలవికాదు. “మొక్కల దీపములు” అని ప్రత్యేకముగా అమ్మువానిలో అనేకములు ఊదారంగు వెలుగునిచ్చును. మేమెరిగిన యొక యింట, తెనాలినుండి కుమార్తెకడకు వచ్చిన తల్లిగారు తెల్లవారుజామున లేచి, క్రిందిగది తలుపుసందున ఊదావెలుగు చూచి, “ఏమిటే అమ్మాయీ, ఈ గదిలో నాటకమేమైనా ఆడుతున్నారా?” అని యడిగిరట. “నాటకము కాదమ్మా, వంగనారు” అని కుమార్తె యుత్తరము.

ఆ ఊదారంగునకు కారణమున్నది. ఆకునందలి పత్రహరితము ఎరుపు, నీలము కిరణములను ఎక్కువగా గ్రహించి, ఆకుపచ్చ కిరణములలో కొంతభాగమును తిరుగగొట్టును. అందువలననే ఆకు మనకు పచ్చగా కనబడును. మొక్క అంతగా గ్రహింపని రంగునకు విద్యుత్తు వెచ్చించుట యేలయని ఎరుపు, నీలము దీపములనుమాత్రమే కలిపి చేసిరి. ఆ రెండును కలిసిన వెలుగే ఊదా. అంతరిక్షకేంద్రమందు వ్యోమగాములు లెట్యూసు ఆకుకూరను పెంచి, 2015 ఆగస్టులో తినిరి. ఆ మొక్కలు పెరిగినదియు ఇట్టి ఎరుపు, నీలము దీపముల క్రిందనే. ఐనను కూర కంటికింపుగా కనబడుటకై అక్కడకూడ ఆకుపచ్చ దీపములను కొన్నింటిని చేర్చిరి. విద్యుత్తును లెక్కబెట్టి వాడుకొనవలసిన ఆకాశములో సైతము కంటికింపు కోరిరన్నచో, ఇంటిలో మనము కోరుట తప్పేమున్నది?

పరిశోధనలవలన తెలిసినదేమనగా, ఆకుపచ్చకాంతియు వృథా పోదు; అది ఆకులోపలి పొరలకు చొచ్చి పనిచేయును. నేటి తెల్లని ఎల్.ఇ.డి. దీపములో నీలపువెలుగే మూలము. ఆ నీలపుదీపముపై పసుపుపొడి పూతపూయగా నీలములో కొంతభాగము పసుపు, ఎరుపు, ఆకుపచ్చలుగా మారి, అన్నియు కలిసి తెలుపుగా కనబడును. ఆ నీలపుదీపమును సాధించినందులకే అకసాకి, అమానో, నకమురా అను మువ్వురకు 2014లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమాన మిచ్చిరి. కావున సాధారణమైన తెల్లదీపములోనే మొక్కకు కావలసిన రంగులన్నియు ఉన్నవి. ఊదావెలుగులో కన్నులు అలసిపోవును. అంతకన్న పెద్దచిక్కు మరియొకటి కలదు: ఆ వెలుగున ఆకులన్నియు నల్లగానే కనబడును గనుక, ఆకు పండుబారినదో, అడుగున పేను పట్టినదో తెలియదు. నారుపెంచుటలో సగముపని చూచుటయే. చూపునకు అడ్డువచ్చు దీపమునకు ఎక్కువ వెల ఇచ్చుట మాకు సమ్మతము కాదు.

విద్యుద్దీపముక్రింద కూరగాయలు పెంచు ఊహ నేటిది కాదు. సీమెన్సు అను శాస్త్రజ్ఞుడు 1880 నాటికే ఇంగ్లండులో ఆర్కుదీపముక్రింద మొక్కలు పెంచిచూచెను. తరువాత అమెరికాలో కార్నెలు విశ్వవిద్యాలయమున బెయిలీ పండితుడు 1890 ప్రాంతముల అట్టి పరీక్షలు జరిపి, అద్దపుబుడ్డి లేని దీపము మొక్కలకు హానిచేయుననియు, అద్దమడ్డముగా నున్న దీపముక్రింద లెట్యూసు త్వరగా ఎదుగుననియు కనుగొనెను. 1938లో అంగడికి వచ్చిన ఫ్లోరసెంటు గొట్టపుదీపములు ఈ పనిని ఇంటింటికి తెచ్చినవి. అట్టి గొట్టములు ఇంకను పనిచేయుచు ఇంటనుండినచో వాడుకొనవచ్చును. క్రొత్తగా కొనుటమాత్రము దండుగ. వానిలో పాదరసముండుటచే పగిలినపుడు చిక్కు.

మేము చెప్పు దీపమేదన, కారుకొట్టులోను, పనిముట్ల గదిలోను పైకప్పునకు వ్రేలాడగట్టు నాలుగడుగుల తెల్లదీపము. ఆ దేశమున దానిని షాపులైటందురు. రెండు గొట్టములుండి, నిజముగా 40 వాట్లు పుచ్చుకొని, 5000 ల్యూమెనులవరకు వెలుగునిచ్చునది చాలును. దానిక్రింద సాధారణముగా అమ్ము నారుపళ్లెములు, సుమారు 10 అంగుళముల వెడల్పు, 20 అంగుళముల పొడవు గలవి, రెండు కొసకు కొస చేర్చి పెట్టవచ్చును. పళ్లెములను ప్రక్కప్రక్కగా నాలుగు పెట్టదలచినచో దీపములును రెండు కావలెను. ఒక్కదీపమును పైకెత్తి నాలిగింటికి పంచినచో దేనికిని చాలదు. నాలుగైదు కుండీలు మాత్రమే పెట్టుకొనువారికి 15 వాట్ల గుండ్రని బల్బును, మెడవంచు దీపస్తంభమును చాలును. గొట్టమున కున్న గుణము మాత్రము బల్బునకు లేదు: గొట్టముక్రింద వెలుగు పళ్లెమంతట సమముగా పడును, బల్బుక్రింద నడుమ ఎక్కువై అంచున తగ్గును. కుండీలను దినమునకొకసారి త్రిప్పుచుండవలెను.

పెట్టెమీద వ్రాసినదంతయు నమ్మరాదు. “1000 వాట్లు” అని పెద్దయక్షరములతో అచ్చువేసి, దీపము నిజముగా నూరువాట్లు మాత్రమే పుచ్చుకొనుచుండుట కలదు. ఆ వేయివాట్లు ఏదో పాతదీపముతో పోల్చి కట్టిన గొప్ప. చిన్నయక్షరములలో నుండు అసలు వాట్లనే చూడవలెను. ల్యూమెను అనునది మనిషికంటికి తగిన కొలతయేగాని మొక్కకు తగినది కాదు. ఐనను తెల్లదీపములను ఒకదానితో నొకటి పోల్చుటకు అదియే చాలును. ఇక కెల్విను లెక్క. 2700 అన్నచో దీపపుకాంతి పసుపుగా, 5000 అన్నచో తెల్లగా, 6500 అన్నచో కొంచెము నీలిగా ఉండును. నీలము కొంత ఎక్కువైనచో నారు కురుచగా, గట్టిగా పెరుగును గనుక 5000 మొదలు 6500 వరకు గలది మేలు. పసుపుదీపము తప్ప వేరొకటి దొరకనిచో అదియు పనిచేయును. దీనికై దుకాణములవెంట తిరుగ నక్కరలేదు.

దీపముయొక్క వెలకన్న, రంగుకన్న మొక్కకు దానికిగల దూరమే ముఖ్యము. చాలమంది యిండ్లలో నారు చెడుట కిదియే కారణము. మంచిదీపమునే కొని, పైకప్పునకు బిగించి, పళ్లెమును బల్లమీద పెట్టుదురు. నడుమ నాలుగడుగుల ఖాళీ. గుండ్రని బల్బునుండి దూరము రెట్టింపైనచో వెలుగు నాలుగవవంతునకు పడిపోవును. పొడవైన గొట్టముకడ, దగ్గరనున్నంతవరకు, ఇంచుమించు సగమునకు పడిపోవును. కావున ఎల్.ఇ.డి. గొట్టము మొలకల తలలకు నాలుగైదు అంగుళముల ఎత్తుననే యుండవలెను. దీపము మునుపటివానివలె కాలదు. మొక్కల తలలయెత్తున అరచేయి పెట్టి కొంతసేపుంచినను వేడి బాధింపకున్నచో భయములేదు. మొక్క ఎదిగినకొలది దీపమును ఎత్తవలెను. అందుచేత దానిని రెండు గొలుసులతో వ్రేలాడదీసి, కొక్కెమును ఒక్కొక్క కడియము పైకి మార్చుచుండుట అన్నిటికన్న సులభము. గొలుసు లేనిచో పళ్లెముక్రింద పాతపుస్తకములను పేర్చి, మొక్క ఎదిగినకొలది ఒక్కొక్కటి తీసివేయుదురు కొందరు. ఇదియు మంచి యుపాయమే. పుస్తకములు తడియకున్నచో సరి. పళ్లెము చుట్టును తెల్లని అట్టముక్కలు నిలబెట్టినచో ప్రక్కలకు పోవు వెలుగు మరలి మొక్కలపై పడును.

దినమునకు 16 గంటలు వెలుగు, 8 గంటలు చీకటి. ఎక్కువవెలుగు మంచిదికదా యని రాత్రింబవళ్లు వెలిగించుట తగదు. ఎడతెగని వెలుగున టమాటా, వంగ ఆకులు పాలిపోయి మచ్చలు పడునని శాస్త్రజ్ఞులు గమనించియున్నారు. వేకువ 6 గంటలకు వెలిగి రాత్రి 10 గంటలకు ఆరునట్లు, తనంత తానే పనిచేయు గడియారపు మీటను ఒకటి తగిలించుకొనవలెను, దానివెల స్వల్పము. పిల్లలబడి, వంట, ఉద్యోగము నడుమ దీపమును ఆర్పుట, వెలిగించుట మరచిపోవుట సహజము.

కరెంటు ఖర్చును తలచి ఇంటిలోని పెద్దలు జంకుట కలదు. లెక్క చూతము. 40 వాట్ల దీపము 16 గంటలు వెలిగినచో దినమునకు 640 వాటు-గంటలు, అనగా ఒక యూనిటులో మూడింట రెండువంతులకు కొంచెము తక్కువ. 8 వారములకు సుమారు 36 యూనిట్లగును. యూనిటు 17 సెంట్ల చొప్పున వేసినచో ఆరుడాలర్ల పైచిల్లర. ఆ దేశమున భారతీయ దుకాణములలో లేతవంకాయలు కొనువారికి ఈ మొత్తము ఎంతో వేరుగా చెప్పనక్కరలేదు.

నీరును, విద్యుత్తును ఒక్కచోట చేరు పని ఇది. తీగల ముళ్లు, ప్లగ్గులు ఎన్నడును పళ్లెముక్రిందను, నేలమీదను ఉండరాదు. గోడమీటకు పోవు తీగ మొదట క్రిందికి జారి మరల పైకి పోవునట్లుంచినచో, తీగవెంట జారిన నీటిబొట్టు ఆ వంపున రాలిపోవునేగాని మీటలోనికి చేరదు. నీరు పోయుటకు ముందు దీపము ఆర్పుట మంచి యలవాటు. కొనునపుడు ఆ దేశపు భద్రతాముద్ర యున్నదో లేదో చూచుకొనవలెను. ఊరుపేరు లేని చవకదీపములలో తీగలు సన్నముగా నుండి వేడెక్కును. ప్రాకుపిల్లలున్న యింట గొలుసులను గట్టికొక్కెములకు తగిలించి, బల్ల అంచున తీగ వ్రేలాడకుండ చూడవలెను.

విత్తినవెంటనే దీపముతో పనిలేదు. వంగ, మిరప విత్తనములు మొలచుటకు కావలసినది వెచ్చదనము. 25 మొదలు 30 డిగ్రీల వేడి యున్నచో త్వరగా మొలచును. కొబ్బరిపొట్టు కలిపిన తేలికమట్టిలో పావంగుళము లోతున విత్తి, పైన మూతపెట్టి, వెచ్చనిచోట నుంచవలెను. తొలిమొలక తల ఎత్తిననాడే మూత తీసి దీపముక్రిందకు చేర్చవలెను. “అన్నియు మొలచిన తరువాత చూతములే” యని రెండుదినములు ఆగినచో ముందుగా మొలచినవి అప్పటికే సాగిపోవును. నీటిని పైనుండి గుమ్మరింపక, పళ్లెము అడుగున పోసి, మట్టి పీల్చుకొన్నపిమ్మట మిగిలినది పారబోయవలెను. పైమట్టి ఎప్పుడును తడిగా నుండినచో నారుకుళ్లు తెగులు పట్టి, సాయంత్రము నిలుచున్న మొలకలు తెల్లవారుసరికి మొదలంట కూలును. చిన్నపంకాగాలి మెల్లగా తగులునట్లు చేయుటయో, అరచేతితో మొలకల తలలను దినమునకు రెండుమారులు సుతారముగా నిమురుటయో మంచిది. ఆ కదలికకు కాడలు గట్టిపడును.

అన్నిటిని దీపముక్రింద పెంచనక్కరలేదు. బీర, సొర, దోస వేళ్లు కదల్చినచో ఓర్వలేవు; వానిని మూడువారములకు మించి లోపల ఉంచుట అనవసరము. గోంగూర, తోటకూర, చిక్కుడు నేల వెచ్చబడినపిమ్మట వెలుపలనే విత్తవచ్చును. దీపముక్రింది చోటు వంగకు, మిరపకు, టమాటాకు అట్టిపెట్టవలెను. అమ్మగారి పెరటి విత్తనములను కాగితములో చుట్టి తెప్పించుకొనవలెనని ఆడబిడ్డలకు ఆశ యుండుట న్యాయమే. కాని సస్యారోగ్యపత్రమో, అనుమతిపత్రమో లేని విత్తనములను అమెరికా రేవులలో తీసికొని పారవేయుదురు. మనదేశపు వంగ, గోంగూర విత్తనములు అక్కడి విత్తనవర్తకులకడను దొరకుచున్నవి గనుక, ఒకయేడు కొని పండించి, ఆ పంటనుండియే పైయేటికి విత్తనము తీసికొనుట మేలు.

నారు జానెడెత్తై, నాలుగైదు అసలాకులు వేసి, రాత్రులు 10 డిగ్రీలకు తగ్గకుండ నిలకడపడిన తరువాత బయటిగాలి అలవాటు చేయవలెను. దీపముక్రింద పెరిగిన ఆకు సూర్యుని ఎరుగదు. ఒక్కసారిగా ఎండలో పెట్టినచో తెల్లగా మాడిపోవును. మొదటిదినము నీడలో ఒక గంట, మరునాడు రెండుగంటలు, అట్లు వారము పదిదినములు పెంచుచు పోయి, తుదకు రాత్రియు బయటనే యుంచి, మబ్బుపట్టిన సాయంత్రము చూచి నాటవలెను. ఆపైన దీపమును తుడిచి, గొలుసులు చుట్టి, గడియారపు మీటతో సహా పెట్టెలో పెట్టి, పెట్టెమీద విత్తిన తేదీ, మొలచిన తేదీ, నాటిన తేదీ వ్రాసియుంచినచో వచ్చు ఫిబ్రవరికి వెదకుకొననక్కరలేదు.